రెండంగుళాల పట్టీ

సోమవారం. ఉదయం 8:35.

ఏడో నంబరు షెడ్డు షట్టరు సగానికి లేచి ఉంది. తాళం పక్కన వేలాడుతోంది. తాళంలోనే చెవి ఉంది. చెవికి నీలం దారం కట్టి ఉంది.

లోపల కారు లేదు.

షెడ్లు అద్దెకిచ్చే మెకానిక్ మేస్త్రి వంగి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఆరేళ్ళుగా అంగుళం కదలని కారు అది. నేల మీద దాన్ని కప్పే గుడ్డ కుప్పగా పడి ఉంది. గోడ వారన అట్టపెట్టెలో కొత్త బ్యాటరీ ఉంది. దాని సీలు కూడా విప్పలేదు. అంతే.

మేస్త్రి ఫోను తీసి పోలీసులకి చేశాడు.

9:20కి ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది. ఆమెది పొడుగాటి విగ్రహం, పొట్టి మాట. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నగలు పోయిన కేసులు చూసింది, మనుషులు పోయిన కేసులూ చూసింది. నడపడానికి కాకుండా దాచుకోవడానికి కొన్న కారు పోయిన కేసు మాత్రం ఇదే మొదలు.

"నడపనప్పుడు కారెందుకు?" అంది.

ఆ కారుకి ముగ్గురు ఓనర్లు, షెడ్డుకి ముగ్గురి దగ్గరా తలో చెవి. వాళ్ళలో ఒకడైన పళ్ళ డాక్టరు జవాబు చెప్పాడు. అప్పటికే ఆయన చొక్కా చెమటకి తడిసిపోయింది.

"మోడర్న్ క్లాసిక్ అంటారు మేడమ్. ముప్పై ఏళ్ళ కిందటి కారు. మరీ పాతదీ కాదు, కొత్తదీ కాదు. మా కుర్రతనంలో పోస్టరు కొని గోడకంటించుకున్న మోడల్. మొత్తం నాలుగొందలే తయారుచేశారు. అప్పుడు కొనలేనివాళ్ళం, ఇప్పుడు జుట్టు నెరిశాక వెతుక్కుని కొంటున్నాం. అందుకే ఏటేటా రేటు పెరుగుతుంది."

"నడిపితే?"

"తగ్గుతుంది. మీటరు 21,408 దగ్గర ఉంది. ఆరేళ్ళలో 21,409 కానివ్వలేదు."

"స్టార్ట్ చేసి చూడరా?"

"లేదండీ. పెట్రోలు తోడేశాం, బ్యాటరీ తీసేశాం. అమ్మే రోజు దాకా బానెట్ కూడా ఎత్తకూడదని రూలు."

"ఎవరు పెట్టారా రూలు?"

"మా ఎక్స్‌పర్ట్," అన్నాడు డాక్టరు, పక్కనున్న మనిషిని చూపిస్తూ.

ఆ ఎక్స్‌పర్ట్ సెకండ్ హ్యాండ్ కార్ల షోరూములో సేల్స్‌మన్. వయసు ముప్పై ఎనిమిది. ఇస్త్రీ చొక్కా, నెత్తి మీద నల్లకళ్ళద్దాలు. రాయికైనా బేరం కుదర్చగల నవ్వు. ఈ కారుని వెతికి పట్టుకున్నవాడూ, మిగతా ఇద్దరిచేత డబ్బు పెట్టించినవాడూ అతనే. మూడో వాటా అతని అక్కది. అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. తల్లి పోయేనాటికి తమ్ముడికి తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచి మిషను తొక్కి అతన్ని పెంచింది ఆవిడే.

ఆవిడ గోడకానుకుని నిలబడి ఉంది. ఆమె చూపు ఖాళీ నేల మీద లేదు. నీలం దారం మీద ఉంది.

"ఆ చెవి నాదేనమ్మా," అంది, ఎవరూ అడగకముందే. "దారం కట్టింది నేనే. బొత్తాల డబ్బాలో పెట్టుకుంటాను. శనివారం కూడా ఉంది."

"నాది నా దగ్గరే ఉంది మేడమ్," అంటూ తమ్ముడు జేబులోంచి తీసి చూపించాడు. దాన్నీ ఎవరూ అడగలేదు.

ఇన్‌స్పెక్టర్ రెండు మాటలూ పుస్తకంలో రాసుకుంది.

"ఇవాళ ఏదో జరగాల్సి ఉందటగా?"

"పదకొండింటికి కొనేవాళ్ళ మనిషి రావాలి," అన్నాడు డాక్టరు నీరసంగా. "బానెట్ ఎత్తి, ఇంజిన్ నంబరు కాగితాలతో సరిచూసుకుని, అక్కడికక్కడే చెక్కిస్తామన్నారు. స్టార్ట్ చేసి చూపిద్దామని శనివారం నేనే ఆ బ్యాటరీ కొన్నాను. బిగించే పని ఈయన చూసుకుంటానన్నాడు."

"ఆదివారం బిగిద్దామనుకున్నా. కుదర్లేదు," అన్నాడు తమ్ముడు.

గేటు కెమెరాలో కథ స్పష్టంగానే ఉంది. ఆదివారం వర్క్‌షాపుకి సెలవు. గేటు తాళం నంబరు షెడ్లున్న వాళ్ళందరికీ తెలుసు. మధ్యాహ్నం 2:14కి చెడిపోయిన బళ్ళని ఎక్కించుకుపోయే రికవరీ వ్యాను ఒకటి లోపలికొచ్చింది. 2:47కి వెళ్ళింది. వీపు మీద టార్పాలిన్ కప్పిన కారు. నంబరు ప్లేటుకి బురద పూశారు. డ్రైవరు పక్కన టోపీ పెట్టుకున్న మనిషి ఉన్నాడు. ముఖం కనపడదు.

"ఎడమవైపు వెనక లైటు లేదు," అంది ఇన్‌స్పెక్టర్, హెడ్ కానిస్టేబుల్‌తో. "ఆ వ్యాను పట్టుకో."

తర్వాత ప్రశ్నలు.

"ఆదివారం రెండింటికి ఎక్కడున్నారు డాక్టర్?"

"క్లినిక్‌లో. నాలుగు దాకా పన్నెండుమంది పేషెంట్లు. ఒకాయనకి రెండు పళ్ళు పీకాను, ఆయన నన్ను మర్చిపోడు."

"మేస్త్రీ?"

"తిని పడుకున్నానండీ. మా ఆవిడనడగండి. నా గురకకి తను హాల్లోకెళ్ళి పడుకుంది."

"మీరు?"

"అక్క షాపులో భోంచేశాను," అన్నాడు తమ్ముడు. "రోజూ అక్కడే. ఒకటీ నలభైకి బయల్దేరి కస్టమర్ని కలవడానికెళ్ళా. ఆయన రాలేదు."

"మీరమ్మా?"

"షాపులోనే. ఒక్కదాన్నే కుట్టుకుంటున్నాను."

ఒంటరిగా ఉన్న మనిషి. తాళంలో ఆమె చెవి. తమ్ముడు ఇన్‌స్పెక్టర్ వెంట జీపు దాకా వచ్చి గొంతు తగ్గించాడు.

"మా అక్క అలాంటిది కాదు మేడమ్. కాకపోతే... పంతొమ్మిదేళ్ళుగా అద్దెకున్న షాపుని ఓనరు అమ్మేస్తున్నాడు. నెలాఖర్లోగా తను కొనకపోతే ఖాళీ చెయ్యాలి. ఆ కంగారులో ఉంది పాపం. ఎవరి మాటైనా విని... ఏమో. మీరు గట్టిగా మాట్లాడకండి."

"గట్టిగా మాట్లాడను," అంది ఇన్‌స్పెక్టర్.

వెనక్కి వచ్చి షెడ్డులో మరో పావుగంట గడిపింది. కుప్పగా పడున్న గుడ్డని కానిస్టేబుల్ చేత పరిపించింది. మందపాటి నూలుగుడ్డ, బూడిదరంగు. కారు కొలతకి కుట్టింది. అద్దాల చోటికి అద్దాల కుట్లు, బానెట్ చోటికి బానెట్ వాలు. కింద అంచు చుట్టూ నేల మురికి నల్లటి గీతలా పట్టి ఉంది.

ముందు వైపు, బంపరు వచ్చే చోట, అంచు కింద మరో పట్టీ అతికించి కుట్టారు. వెడల్పు రెండంగుళాలు. మిగతా మూడు వైపులా పట్టీ లేదు.

ఇన్‌స్పెక్టర్ గుడ్డని మడవనివ్వలేదు. అలాగే ఉంచి షట్టరు దించమంది.

మధ్యాహ్నం 1:30.

టైలరమ్మ షాపు పది అడుగుల గది. రెండు మిషన్లు, ఒక కటింగ్ టేబులు, గోడ నిండా దారపు కండెలు. ఆమె ఒక కోటు గుడ్డకి టేపు పెట్టి కొలిచింది. సుద్దతో గీయబోయి ఆగింది. మళ్ళీ కొలిచింది. మూడోసారి కూడా కొలిచాకే గీత గీసింది.

ఇన్నేళ్ళ అనుభవమున్న చేతికి ఇంత అనుమానమెందుకో ఇన్‌స్పెక్టర్‌కి అర్థం కాలేదు.

"కూర్చోండమ్మా," అంది టైలరమ్మ. ఆమె కళ్ళు ఇన్‌స్పెక్టర్ యూనిఫామ్ మీద ఆగాయి. "మీ చొక్కా కుడి భుజం అర అంగుళం దిగినట్టుంది. నాకలా కనిపిస్తోంది. నా కంటిని నమ్మకండి."

"ఎందుకు నమ్మొద్దు?"

టైలరమ్మ టేపు చుట్టి మెడలో వేసుకుంది.

"ఆ డబ్బా చూపించండి."

బొత్తాల డబ్బా మిషను పక్క అరలో ఉంది. మూత తీస్తే పదహారు రకాల బొత్తాలు కలిసిపోయి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఒక బొత్తాన్ని చెవి అనుకుని అడుగుకి తోసి మళ్ళీ వెతికింది. దొరకడానికి రెండు నిమిషాలు పట్టింది.

"నిన్న తమ్ముడు తింటున్నప్పుడు మీరెక్కడికైనా వెళ్ళారా?"

"గిన్నెలు కడగడానికి వెనక్కెళ్ళాను. ఐదు నిమిషాలుంటుంది."

"కారు గుడ్డ మీరే కుట్టారా?"

అప్పుడు ఆమె ముఖంలో కాస్త వెలుగొచ్చింది. "కారు గౌను అంటాను నేను. మనుషులకైతే కొలత ఇచ్చేటప్పుడు పొట్ట బిగపట్టి మోసం చేస్తారు, కారుకా బాధ లేదు. నేల మీద కూర్చుని నాలుగు గంటలు కొలిచాను. తమ్ముడు టేపు రెండో కొస పట్టుకున్నాడు. చిన్నప్పట్నుంచీ వాడికదే పని. నేను కత్తిరిస్తుంటే గుడ్డ రెండో కొస పట్టుకునేవాడు."

"మరి ముందు వైపు పట్టీ ఏమిటి?"

వెలుగు ఆరిపోయింది.

"అది నా తప్పు. రెండేళ్ళ కిందట చూస్తే ముందు అంచు నేలకి తగలట్లేదు. రెండంగుళాలు పైకుంది. అదేమిట్రా అని వాణ్ణి అడిగాను. 'మొదట్నుంచీ అంతే అక్కా. నువ్వే ముందు తక్కువ కత్తిరించావు. నీకు బాధేస్తుందని నేనెవరికీ చెప్పలేదు. పర్లేదులే, వయసు మీద పడుతోంది కదా' అన్నాడు. సిగ్గేసి, పాత కొలత కూడా చూసుకోకుండా పట్టీ వేశాను."

"ఎప్పుడు?"

ఆమె కొలతల పుస్తకం తీసింది. పాతికేళ్ళుగా కుట్టించుకున్నవాళ్ళ కొలతలన్నీ అందులో ఉన్నాయి. 'కారు గౌను' అని రాసిన పేజీ దగ్గర ఆగింది. ముందు అంచు కొలత, పక్కనే చిన్న అక్షరాలతో 'నేలకి తగులుతుంది' అని ఉంది. కింద రెండేళ్ళ కిందటి ఆగస్టు తేదీతో పట్టీ సంగతి రాసి ఉంది.

టైలరమ్మ చూపుడువేలు పై లైను మీద ఆగిపోయింది. తన చేతిరాతని తనే రెండుసార్లు చదువుకుంది. బయట ఎవరో స్కూటరు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు.

"ఇన్సూరెన్స్ వస్తుందా అమ్మా?" అంది చివరికి.

"బయటి దొంగైతే వస్తుంది."

"ఇంటి దొంగైతే?"

"రాదు."

ఆమె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. నాలుగు గోడలకేసి చూసింది. ఆ పుస్తకం మిషను కింద పడేస్తే ఎవరికీ దొరకదు. నెలాఖరుకి షాపు ఆమెదవుతుంది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచలేదు, అడగలేదు.

గడియారంలో 1:52 అయింది.

టైలరమ్మ పుస్తకం తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది.

సాయంత్రం 4:00. ఏడో నంబరు షెడ్డు.

గుడ్డ నేల మీద పరిచి ఉంది. దాని చుట్టూ నలుగురు నిలబడ్డారు. పళ్ళ డాక్టరు, మేస్త్రి, టైలరమ్మ, ఆమె తమ్ముడు. గుమ్మంలో ఒక కానిస్టేబుల్.

"బ్యాటరీ బిగించడానికి ఎంతసేపు పడుతుంది మేస్త్రీ?" ఇన్‌స్పెక్టర్ మొదలుపెట్టింది.

"పది నిమిషాలండీ."

"దొంగకి ముప్పై మూడు నిమిషాలు దొరికాయి. చేతికందే దూరంలో కొత్త బ్యాటరీ. క్యానులో పెట్రోలు తెచ్చుకుంటే దర్జాగా నడుపుకుని పోవచ్చు. అయినా వ్యాను తెచ్చి, తాడేసి లాగి, ఎక్కించుకుపోయాడు. అంటే బ్యాటరీ పెట్టినా ఈ కారు కదలదని వాడికి ముందే తెలుసు."

"ఎలా తెలుస్తుంది?" అన్నాడు డాక్టరు.

"ఇంకో మాట. ఆరేళ్ళు ఊరుకున్నవాడు, బానెట్ ఎత్తే రోజుకి సరిగ్గా ఒక్కరోజు ముందు ఎందుకొచ్చాడు? వాడికి కారు అక్కర్లేదు డాక్టర్. బానెట్ ఎవరూ ఎత్తకుండా ఉంటే చాలు."

తమ్ముడు నెత్తి మీది కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ టైలరమ్మ వైపు తిరిగింది. "గుడ్డ నీళ్ళకి కుంచించుకుపోతే ఎటు పోతుందమ్మా?"

"అన్ని వైపులా."

"కత్తిరించేటప్పుడే తక్కువైందా, తర్వాత అయిందా, ఎలా తెలుస్తుంది?"

"పట్టీ విప్పితే తెలుస్తుంది."

"విప్పండి."

టైలరమ్మ నేల మీద కూర్చుంది. చిన్న కత్తెర తీసి ఒక్కో కుట్టూ తెంపింది. పట్టీ ఊడివచ్చింది. రెండేళ్ళుగా దాని వెనక దాగిన పాత అంచు బయటపడింది.

పాత అంచు మీద నల్లటి గీత ఉంది. వెనక అంచు మీద ఉన్నటువంటిదే. నేల రాసుకుని, అరిగి, పీచు లేచిన గీత.

"మొదట్నుంచీ రెండంగుళాలు పైనుంటే, ఈ అంచుకి నేల మురికి ఎలా అంటింది?" అంది ఇన్‌స్పెక్టర్. "ఈ గుడ్డ ఏళ్ళ తరబడి నేలకి తగిలింది. ఆవిడ కొలత తప్పలేదు. గుడ్డ చిన్నదవ్వలేదు. కారు లేచింది. ముందు వైపు మాత్రమే లేచింది."

మేస్త్రి ముందుకొచ్చాడు.

"ఇంజిన్ తీసేస్తే లేస్తుందండీ. రెండొందల కేజీల పైమాటే. బరువు పోతే స్ప్రింగులు సాగుతాయి."

"రెండేళ్ళ కిందట ఆగస్టులో మీరెక్కడున్నారు?"

"మోకాలి ఆపరేషను. పదిరోజులు ఆస్పత్రిలో..." మేస్త్రి తల నెమ్మదిగా తమ్ముడి వైపు తిరిగింది. "ఇంజిన్లెత్తే చైన్ బ్లాకు కావాలని తీసుకున్నది నువ్వే కదూ? షోరూములో ఏదో బండికన్నావు. నేనొచ్చి చూస్తే కొక్కెం వంగి ఉంది."

"ఇవన్నీ ఊహలు మేడమ్," అన్నాడు తమ్ముడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "గుడ్డముక్క చూపించి దొంగంటే ఎలా? తాళం చెవి ఎవరిదో చూశారుగా."

ఆ మాటకి టైలరమ్మ తల ఎత్తింది. ఇన్‌స్పెక్టర్ ఒళ్ళు మండింది.

"చూశాను. బొత్తాల డబ్బాలో చెవుంటుందని బయటివాడికి తెలీదు. ఆవిడ వండి పెట్టిన అన్నం తింటూ, ఆవిడ గిన్నెలు కడగడానికెళ్ళిన ఐదు నిమిషాల్లో తీశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే విన్నాను గానీ, ఇంత దగ్గర్నుంచి చూడలేదు. మీ చెవితో తియ్యొచ్చు. తియ్యలేదు. ఆవిడ చెవి తాళానికే వదిలేశారు. చాలదని పొద్దున జీపు దగ్గరికొచ్చి, షాపు కంగారులో మా అక్క ఎవరి మాటైనా విందేమో అని నా చెవిలో వేశారు."

"వాడలా అన్నాడా?" అంది టైలరమ్మ.

4:22కి ఇన్‌స్పెక్టర్ ఫోను మోగింది. ఆమె స్పీకరు ఆన్ చేసింది.

"వ్యాను దొరికింది మేడమ్," హెడ్డు గొంతు. "డ్రైవరు చూపించాడు. పాత గోడౌన్లో ఉంది కారు. బానెట్ ఎత్తాం. లోపల ఏమీ లేదు. ఖాళీ. తెమ్మన్న మనిషి ఫొటో కూడా గుర్తుపట్టాడు."

"ఇంజిన్ చోట నాలుగు ఇసుక బస్తాలు పడేసి ఉంటే సరిపోయేది," అంది ఇన్‌స్పెక్టర్, ఫోను పెట్టేసి. "మీరు అమ్మే మనిషి. కిలోమీటర్లు చూశారు, నంబర్లు చూశారు. అంచు చూసే కన్ను మీ ఇంట్లోనే ఉందని మర్చిపోయారు."

తమ్ముడు గోడకి చేరగిలపడ్డాడు. మాటలు వాటంతటవే వచ్చాయి. సొంతంగా ఇంకో పాత కారు కొన్నాడు, ఎవరికీ చెప్పకుండా. ఇలాంటిదే, ఇంతకంటే అరుదైనది. పెయింటు గీకితే కింద అంతా తుప్పు. ఆ నష్టం పూడ్చుకోవడానికి ఈ ఇంజిన్ తీసి అమ్మాడు. ఇదే మోడల్ కారున్నవాళ్ళెవరో వెంటనే కొనుక్కుపోయారు. మళ్ళీ ఒకటి కొని పెట్టేద్దామనుకున్నాడు. దొరకలేదు.

"ఇన్సూరెన్స్ వస్తే నీ షాపు నీకొచ్చేదక్కా," అన్నాడు. "నీకు ఏ నష్టం రాకూడదనుకున్నా."

టైలరమ్మ పట్టీని చుట్టగా చుట్టి పక్కన పెట్టింది.

"కారు పోయిందిరా. షాపు పోతుంది. అవి పోతే మళ్ళీ మిషను తొక్కుతాను," అంది. గొంతు పెరగలేదు. "రెండేళ్ళు. నా కళ్ళు పోతున్నాయనుకున్నాను. చేతులు పోతున్నాయనుకున్నాను. పెద్ద పనులొస్తే వద్దని పంపేశాను. ప్రతి గుడ్డా మూడుసార్లు కొలిచాను. నువ్వు రోజూ ఎదురుగా కూర్చుని తింటూ చూశావు. నా భుజం మీద చెయ్యేసి పర్లేదక్కా అన్నావు. నా తప్పు దాచిపెట్టిన తమ్ముడని లోపల్లోపల నీకు దండం పెట్టుకున్నాను."

తమ్ముడు ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. లేచి నిలబడి గుడ్డ ఒక కొస అందుకుంది. అంత పెద్ద గుడ్డని ఒక్కరు మడవలేరు.

అలవాటుగా తమ్ముడు అడుగు ముందుకేశాడు. వంగి రెండో కొస అందుకోబోయాడు.

"వదులు," అంది.

అతను వదిలేశాడు. కానిస్టేబుల్ వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ షట్టరు కింద నుంచి వంగి బయటికెళ్ళారు. డాక్టరూ మేస్త్రీ వాళ్ళ వెనకే వెళ్ళారు. టైలరమ్మ అటు చూడలేదు.

"మీరు పట్టుకోండమ్మా," అంది ఇన్‌స్పెక్టర్‌తో.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి పక్కన పెట్టి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ దులిపారు. సగానికి మడిచారు. మళ్ళీ సగానికి మడిచారు. ప్రతి మడతకీ ఒకరికొకరు దగ్గరయ్యారు. చివరి మడత దగ్గర టైలరమ్మ ఆగి, ఇన్‌స్పెక్టర్ కుడి భుజం వైపు ఒక్కసారి చూసింది.

"అర అంగుళం దిగింది," అంది. "టేపక్కర్లేదు. నెలాఖరు దాకా షాపు ఉంటుంది. రేపు తెచ్చివ్వండి."